హిట్లర్ తన జనరళ్ల మాట వినుంటే గెలిచేవాడా?

కొత్తపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

ఆఫీసు క్యాబ్‌లో రోజూ గంటన్నర ప్రయాణం. నిన్న మావాడొకడు ఏదో వీడియో చూసొచ్చి వాదన మొదలుపెట్టాడు. హిట్లర్ ఒట్టి కార్పొరల్, యుద్ధమంటే తెలియనివాడు, చుట్టూ ఉన్న జనరళ్లేమో మహా మేధావులు, వాళ్ల పని వాళ్లను చేసుకోనిస్తే రష్యా మూడు నెలల్లో పడిపోయేదట. వాడి సాక్ష్యాలు మూడు: 1941 ఆగస్టులో మాస్కో మీదికి పోకుండా ట్యాంకుల్ని కీవ్ వైపు తిప్పడం, స్టాలిన్‌గ్రాడ్ నుంచి వెనక్కి రానివ్వకపోవడం, చలి. "మరి స్టాలిన్ తన జనరళ్లను తనే చంపించుకున్నాడు కదా, అతనెలా గెలిచాడు?" అన్నాను. "చలి" అన్నాడు. వాడికి అన్నిటికీ చలే.

నాకిందులో కాస్త ఇంటి గొడవ కూడా ఉంది. మా తాతయ్య పాతకాలం పార్టీ మనిషి. మా చిన్న మామయ్య పేరు స్టాలిన్. ఆ ఇంట్లో ఒక కథ, బయట ఇంకో కథ వింటూ పెరిగాను. తెలిసినవాళ్లు చెప్పండి, జర్మనీని ఓడించింది నాయకుడి సిద్ధాంతమా, నిపుణుల మాట వినకపోవడమా?

వడ్ల మిల్లు:
చలే గెలిపించింది. ఇక తాళం వేసేయండి.

మచిలీపట్నం మాస్టారు:
మిల్లు గారూ, మంచు రెండు వైపులా కురిసిందండీ.

కుర్రాడు బాబూ, ముందు ఆ కథ ఎవరి నోట పుట్టిందో చూడు. యుద్ధం అయ్యేసరికి హిట్లర్ లేడు, జనరళ్లు మిగిలారు. ఫ్రాంజ్ హాల్డర్ అని, 1942 సెప్టెంబరు దాకా జర్మన్ భూసైన్యానికి వ్యూహరచన అంతా ఆయన కార్యాలయంలోనే జరిగేది. యుద్ధం తర్వాత ఆయన అమెరికా సైన్యపు చరిత్ర విభాగంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. పట్టుబడ్డ జర్మన్ అధికారుల చేత యుద్ధ వృత్తాంతాలు రాయించడం, వాటిని సరిచూడడం ఆయన పని. అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం వచ్చేసింది, రష్యావాళ్లతో పోరాడిన అనుభవం ఎవరి దగ్గరుంటే వాళ్లే అమెరికాకు కావలసినవాళ్లు. 1961లో ఆయనకు అమెరికా ప్రభుత్వ సేవాపతకం కూడా ఇచ్చారు. "తప్పంతా ఆ కార్పొరల్‌ది, మాది కాదు" అన్న మాట ఆ వంటింట్లో వండిందే. చచ్చినవాడి పద్దులో రాసేస్తే అప్పు తీరిపోయినట్టే కదా.

కానీ హాల్డర్ డైరీ హాల్డర్‌కే ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1941 జూన్ 22న దాడి మొదలైంది. జులై 3న ఆయన రాసుకున్నది, పద్నాలుగు రోజుల్లో రష్యా మీద యుద్ధం గెలిచేశామంటే అతిశయోక్తి కాదు అని. ఆగస్టు 11న రాసుకున్నది, శత్రువుకు 200 డివిజన్లు (వేల మంది సైనికులుండే పెద్ద దళాలు) ఉంటాయని లెక్కేశాం, ఇప్పటికే 360 తేలాయి అని. ఆ 200 లెక్క హిట్లర్ వేసింది కాదు, హాల్డర్ కార్యాలయం వేసింది. రష్యన్ల వంటి స్లావులు తక్కువజాతి, బోల్షివిక్కుల రాజ్యం లోపల పుచ్చిపోయింది, గట్టిగా తంతే కూలుతుంది అన్న నమ్మకం నాయకుడికి ఎంత ఉందో జనరళ్లకూ అంతే ఉంది. లెక్క తప్పింది అక్కడ.

ఇంకొకటి. సిద్ధాంతం వేరు, సైనిక ప్రణాళిక వేరు అనుకుంటాం. 1941 మే 2న బెర్లిన్‌లో ఆర్థిక, సైనిక అధికారులు కూర్చుని రాసుకున్న తీర్మానం ఒకటుంది. యుద్ధం మూడో ఏట మొత్తం సైన్యం రష్యా తిండి తింటేనే యుద్ధం సాగుతుంది, మనకు కావలసింది అక్కడినుంచి లాక్కుంటే కోట్ల మంది ఆకలితో చస్తారనడంలో సందేహం లేదు అని. అది ఏ సభలోనో ఉపన్యాసం కాదు బాబూ, రేషన్ లెక్క. పట్టుబడ్డ సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలైతే అందులో 33 లక్షల దాకా పోయారు. మొదటి చలికాలం దాటేలోపే 20 లక్షలు. ఆ ఖైదీల శిబిరాలు నడిపింది సైన్యమే.

సెల్యూట్ 1971:
మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను. సైనికుడు ఆజ్ఞ పాటిస్తాడు. అది అతని ధర్మం. ఎనభై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని జనరళ్లను తిట్టడం తేలిక.

మచిలీపట్నం మాస్టారు:
రాత్రికి రాస్తానండీ. ఇప్పుడు మనవరాలి ట్యూషన్.

పాత పటాలు:
ఈలోగా కీవ్ సంగతి నేను ఎత్తుకుంటా.

ఆగస్టులో నేరుగా మాస్కో పోవాల్సింది అనేవాళ్లు పటం మీద బాణం గీస్తారు గానీ ఆ బాణం కింద గుర్రాలుంటాయి. జర్మన్లు రష్యాలోకి 6 లక్షలకు పైగా గుర్రాలు తోలుకెళ్లారు. ఫిరంగుల్లో ఎక్కువ భాగం లాగింది అవే. రష్యా రైలు పట్టాల వెడల్పు వేరు కాబట్టి, పట్టా మార్చుకుంటూ పోతే తప్ప జర్మన్ బండి ముందుకు కదలదు. ఆగస్టుకి మాస్కో వైపు వెళ్తున్న జర్మన్ మధ్య సేనకి ఇంధనం, గుండ్లు, విడిభాగాలు అన్నీ కటకటే. పైగా దక్షిణాన కీవ్ చుట్టూ లక్షల మంది సోవియట్ సైన్యం పక్కలో బల్లెంలా ఉంది. హిట్లర్ అటు తిప్పాడు, సెప్టెంబరులో 6 లక్షలకు పైగా ఖైదీలు దొరికారని జర్మన్లు లెక్క చెప్పారు. సైనికంగా చూస్తే అది అతని అతిపెద్ద గెలుపు.

ఇప్పుడు అవతలి వైపు. జులై 29న జుకోవ్ స్టాలిన్ దగ్గరికి వెళ్లి కీవ్ వదిలేయాలి, సైన్యాన్ని ద్నీపర్ నది ఇవతలికి లాక్కోవాలి అన్నాడు. స్టాలిన్ మండిపడ్డాడు, జుకోవ్‌ను ప్రధాన సైనికాధికారి పదవి నుంచి తప్పించాడు. సైన్యం మొత్తం చిక్కుకుంది. అక్కడి సేనాని కిర్పొనోస్ చుట్టివేతలోంచి బయటపడబోతూ చనిపోయాడు.

అంటే ఒకే నగరం దగ్గర ఇద్దరు నియంతలూ తమ జనరళ్ల మాట వినలేదు. ఒకడు గెలిచాడు, ఒకడు ఓడాడు. కాబట్టి కుర్రాడి స్నేహితుడు అడుగుతున్న ప్రశ్నే తప్పు. విన్నాడా లేదా అన్నది కాదు, ఓడాక ఏం చేశాడు అన్నది అడగాలి.

నల్గొండ పోరడు:
గిది మంచిగ జెప్పినవన్నా. గని నాకొక్క డౌటు. 37ల జనరళ్లను పట్టి పట్టి సంపినోడు 42కొచ్చేసరికి ఎట్ల మారిండు? మనిషి మారిండా, భయపడ్డడా? మా ఊర్ల దొర గూడ ఎక్కడా అప్పు పుట్టనప్పుడే జీతగాని మాట ఇంటుండెనట, మా నాయిన చెప్తుండె.

పాత పటాలు:
పోరడా, నీ దొర ఉపమానానికి సగం మార్కులు ఇప్పుడే ఇచ్చేస్తున్నా.

1937 నుంచి మొదలుపెడతా. మార్షల్ తుఖచెవ్‌స్కీని జూన్‌లో కాల్చేశారు. ఎర్రసైన్యంలో అప్పుడున్న అయిదుగురు మార్షల్స్‌లో ముగ్గురు పోయారు. మిగిలింది వొరోషిలోవ్, బుడ్యోన్నీ, ఇద్దరూ అంతర్యుద్ధం నాటి స్టాలిన్ స్నేహితులే. రొకొసోవ్‌స్కీ అనే సేనానిని ఆగస్టులో పట్టుకెళ్లారు, పళ్లు రాలగొట్టారు, 1940 మార్చిలో వదిలిపెట్టారు. ఆ పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

ఈ హత్యలకు అసలు ఖరీదు మంచి సేనానులు పోవడం ఒక్కటే కాదు. మిగిలినవాళ్లు నిజం చెప్పడం మానేశారు. సైనిక గూఢచారి విభాగాధిపతి ప్రొస్కురోవ్‌ను 1940లో తప్పించారు, తర్వాత కాల్చేశారు. ఆయన స్థానంలో వచ్చిన గోలికోవ్ పైవాడికి ఏది రుచిస్తుందో అదే వడ్డించాడు. టోక్యో నుంచి సోవియట్ గూఢచారి రిచర్డ్ జోర్గే పంపిన కబుర్లు, జర్మన్ వైమానిక శాఖ లోపలి మనిషి పంపిన కబురు, అన్నీ వచ్చాయి. దాడికి అయిదు రోజుల ముందు అందిన ఆ వైమానిక శాఖ నివేదిక మీద స్టాలిన్ బూతు రాసి వెనక్కి పంపాడు. ఇక్కడే సిద్ధాంతం పనిచేసింది. బ్రిటన్ పెట్టుబడిదారులు మనల్నీ జర్మనీనీ కొట్టుకునేలా చేస్తున్నారు, హెచ్చరికలన్నీ వాళ్ల కుట్రే అని అతని నమ్మకం. మాట చెప్పినవాడు ఏ వర్గం వాడు, ఏ దేశం వాడు అని చూశాడే గానీ చెప్పింది ఏమిటని చూడలేదు. దాడి అయ్యాక పశ్చిమ సరిహద్దు సేనాని పావ్లొవ్‌ను కాల్చేశారు. బలి కావాలి కదా.

ఇక 42. క్రిమియాలో కెర్చ్ అనే చోట లెవ్ మెఖ్లిస్ అని స్టాలిన్ నమ్మినబంటు, రాజకీయ పెద్దగా వెళ్లాడు. సేనాని కొజ్లోవ్‌ను పక్కకు నెట్టి తానే అంతా నడిపాడు. కందకాలు తవ్వనివ్వలేదు, తవ్వితే దాడి చేసే ఉత్సాహం చచ్చిపోతుందని. మేలో జర్మన్లు కొట్టారు, లక్షన్నరకు పైగా ఖైదీలు. తప్పంతా కొజ్లోవ్‌ది, నాకు మంచి సేనానిని పంపండి అని మెఖ్లిస్ తంతి కొట్టాడు. స్టాలిన్ జవాబు బాగా ప్రసిద్ధి: నువ్వు బయటినుంచి చూసేవాడిలా మాట్లాడుతున్నావు, నీకు హిండెన్‌బర్గ్ (మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన జర్మన్ సేనాని) లాంటివాడు కావాలా, మా దగ్గర హిండెన్‌బర్గులు నిల్వ లేరని నీకు తెలియదా అని. మెఖ్లిస్‌ను హోదా తగ్గించి పంపేశాడు. అదే నెలలో ఖార్కొవ్ దగ్గర ఇంకో ఘోర ఓటమి, ఆ దాడికి ఒప్పుకున్నది స్వయంగా స్టాలినే.

జులై 28న 227వ నంబరు ఆజ్ఞ, ఒక్క అడుగు వెనక్కి లేదు అని. శిక్షా పటాలాలు, వెనక కాపలా దళాలు, పారిపోతే కాల్చేవాళ్లు. మరుసటి రోజే సువోరోవ్, కుతుజోవ్ పేర్ల మీద పతకాలు. జార్ల కాలం సేనానుల పేర్లు! అక్టోబరు 9న కమిసార్ల, అంటే సైన్యంలో పార్టీ తరఫున ఉండే అధికారుల, అధికారం తీసేశారు. అంతదాకా సేనాని ఆజ్ఞ మీద కమిసార్ సంతకం కూడా ఉండాలి, ఇకనుంచి సేనాని మాటే మాట. 1943 జనవరిలో విప్లవం పీకి పారేసిన భుజపట్టీలు మళ్లీ వచ్చాయి. మేలో ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంఘం కొమింటర్న్‌ను రద్దు చేశాడు. సెప్టెంబరులో ముగ్గురు మతగురువులను పిలిపించి మాట్లాడాడు, చర్చికి పేట్రియార్క్‌ను, అంటే అధిపతిని, ఎన్నుకోనిచ్చాడు.

కాబట్టి పోరడా, మనిషి మారలేదు. అప్పు పుట్టలేదు.

నల్గొండ పోరడు:
మిగిలిన సగం మార్కులు గూడ ఇయ్యన్నా మరి.

బెజవాడ బాబాయి:
మనవైపు సంగతి ఒకటి చెప్తాను, కుర్రాడి తాతయ్య కోసం.

1939లో యుద్ధం మొదలైనప్పుడు మన కమ్యూనిస్టులకు అది సామ్రాజ్యవాద యుద్ధం. ఒక్క పైసా ఇవ్వం, ఒక్క మనిషినీ ఇవ్వం. సగం మంది జైళ్లలో, సగం మంది అజ్ఞాతంలో. 1941 జూన్ 22న హిట్లర్ రష్యా మీద పడ్డాడు. కొన్ని నెలలు లోపల్లోపల తర్జనభర్జన, ఆఖరికి అది "ప్రజాయుద్ధం" అయిపోయింది. 1942 జులైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు, ఆగస్టులో గాంధీగారు క్విట్ ఇండియా అన్నారు. అప్పుడు వీళ్లు బ్రిటిషువాడి యుద్ధానికి అడ్డుపడవద్దు అంటూ నిలబడ్డారు. బెజవాడలో ప్రజాశక్తి పత్రిక వచ్చింది ఆ ఏడాదే. ఆ మచ్చ వాళ్లను చాలాకాలం వెంటాడింది, కాంగ్రెస్ వాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఎత్తిపొడిచేవాళ్లు.

అయితే న్యాయం చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఫాసిజం అనేది తీరం జిల్లాల వాళ్లకి ఆ రోజుల్లో పత్రికల్లో మాట మాత్రమే కాదు. ఎటొచ్చీ ఆ జపాన్‌తో సోవియట్ రష్యాకి 1941 ఏప్రిల్ నుంచీ తటస్థ ఒప్పందం ఉందనే ముక్క మాత్రం ప్రజాయుద్ధం సభల్లో ఎవరూ పెద్దగా ఎత్తినట్టు నేను వినలేదు.

తర్వాత రోజుల్లో మా ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది. నున్నటి కాగితం. చదివింది తక్కువ, నోటు పుస్తకాలకు అట్టలు వేసుకున్నది ఎక్కువ. నా ఆరో తరగతి లెక్కల పుస్తకం మీద జుకోవ్ ఉండేవాడు.

డల్లాస్ దాసు:
అందరూ ఒక లెక్క మరిచిపోతున్నారు. ఎర్రసైన్యం 1943 తర్వాత అంత వేగంగా కదిలింది దేని మీద? అమెరికా ట్రక్కుల మీద. 4 లక్షల పైచిలుకు ట్రక్కులు, జీపులు. సిద్ధాంతం నడవదు సార్, స్టూడ్‌బేకర్ ట్రక్కు నడుస్తుంది.

పాత పటాలు:
ఒప్పుకుంటా. ఆ సరుకులో పెద్ద వాటా ఇరాన్ మీదుగా వెళ్లింది, ఆ దారిలో మన భారత సైన్యపు సరఫరా దళాలూ చెమటోడ్చాయి. కాకపోతే ఆ ట్రక్కుల్లో ఎక్కువ భాగం చేరింది 43, 44లలో. మాస్కో ముందు 41 డిసెంబరులో జర్మన్లను ఆపినప్పుడు అవి లేవు. స్టాలిన్‌గ్రాడ్ చుట్టివేత నాటికి కూడా కొద్దిగానే.

దీమాపూర్ డ్యూటీ:
నేను పుస్తకాల మనిషిని కాను, నాగాలాండ్‌లో మూడేళ్లు పనిచేశాను. కోహిమా శ్మశానంలో ఆ టెన్నిస్ కోర్టు గీతలు ఇప్పటికీ ఉంచారు, సిమెంటుతో. 1944 ఏప్రిల్‌లో ఆ కోర్టుకి ఒక వైపు జపాన్ వాళ్లు, ఇంకో వైపు మనవాళ్లు, మధ్యలో గ్రనేడ్లు విసురుకునేంత దూరం. అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా కోర్టు అది.

మీరు మాట్లాడుతున్న "నమ్మకం రేషన్ లెక్కలోకి దూరడం" అన్నది నేను అక్కడ కళ్లారా చూసినట్టే అనిపించింది. జపాన్ 15వ సైన్యానికి ముతాగుచి సేనాని. 1937లో చైనాతో యుద్ధం రాజుకున్న మార్కోపోలో వంతెన దగ్గర రెజిమెంటు ఇతనిదే. ఇంఫాల్ మీదికి బయల్దేరేటప్పుడు సైనికుల వీపు మీద ఉన్నది మూడు వారాల తిండి. ఆ తర్వాత? ఇంఫాల్‌లో బ్రిటిషు గోదాములు ఉన్నాయి కదా, గెలిచాక తిందాం. ఎద్దుల మందల్ని కొండల్లోకి తోలారు, సామాను మోశాక వాటినే కోసుకు తినొచ్చని. చాలావరకు బర్మాలోని చింద్విన్ నదిలోనే పోయాయి. ఎవరైనా సరఫరా గురించి అడిగితే అది పిరికితనం. జపాన్ సైనికుడి ఆత్మబలం ముందు బియ్యం మూటలు ఒక లెక్కా అన్న ధోరణి.

సుమారు 85,000 మంది వెళ్తే 30,000 దాకా చనిపోయారు, ఎక్కువమంది ఆకలికీ రోగాలకీ. కోహిమాలో సాతో అనే డివిజన్ కమాండర్ ఉన్నాడు. తిండి పంపండి, పంపండి అని అడిగి అడిగి, మే చివర ఆజ్ఞ లేకుండానే తన మనుషుల్ని వెనక్కి నడిపించుకుపోయాడు. జపాన్ సైన్యంలో అలాంటిది కనీవినీ ఎరగరు. కోర్టుమార్షల్ పెట్టండి, అక్కడే అన్నీ చెప్తాను అన్నాడు. పెట్టలేదు. మతి స్థిమితం లేదని రాసి ఇంటికి పంపేశారు. విచారణ పెడితే ముతాగుచి పేరు, ఆపైన ప్రధాని టోజో పేరు బయటికి వస్తాయి మరి. ముతాగుచి కింద మూడు డివిజన్లు, ముగ్గురు కమాండర్లనూ యుద్ధం మధ్యలోనే తీసేశారు. మా మెస్సులో దీని గురించి మాట వచ్చినప్పుడు మా సుబేదారు గారు ఒకటే అనేవారు, "వంటవాడిని అడక్కుండా దండయాత్ర పెట్టకూడదు" అని.

జై హింద్ జనార్దన్:
అదే యుద్ధంలో నేతాజీ సైన్యం కూడా ఉంది. దాని గురించి ఒక్క ముక్క లేదేం? ఫాసిస్టులతో చేతులు కలిపాడు అనేవాళ్లకి జవాబు నా దగ్గరుంది. ఇంకా బెంగాల్ కరువు, చర్చిల్. 30 లక్షల మంది చచ్చారు. అది సిద్ధాంతం కాదా?

వేదిక నిర్వాహకుడు:
జనార్దన్ గారూ, రెండూ పెద్ద విషయాలే, రెండూ ఇక్కడ ఇమడవు. మీ పోస్టుతోనే బోస్‌కి ఒకటి, చర్చిల్‌కి ఒకటి కొత్త థ్రెడ్లు తెరిచాను. అక్కడ మీ ఇష్టం. ఇక్కడ జర్మనీ, రష్యా, దీమాపూర్ గారు తెచ్చిన ఇంఫాల్ వరకు. ఇంతకుముందు బోస్ థ్రెడ్ 400 పోస్టుల దగ్గర ఎందుకు మూయాల్సి వచ్చిందో పాతవాళ్లకు గుర్తే.

మచిలీపట్నం మాస్టారు:
సెల్యూట్ గారూ, మీ మాటకు బాకీ ఉన్నాను. ఆలస్యానికి మన్నించాలి, నిన్న కరెంటు లేదు.

ఆజ్ఞ పాటించడమే ధర్మం అన్నారు. ఎరిక్ హోప్నర్ అనే ఒక్క మనిషిని తీసుకుందాం. ట్యాంకుల దండుకి నాయకుడు. దాడికి ఏడు వారాల ముందే, 1941 మేలో, తన సైనికులకు ఒక ఉత్తర్వు రాశాడు. ఇది జర్మన్ జాతికీ స్లావులకూ మధ్య పాత పోరు, కనికరం లేకుండా సాగాలి, బోల్షివిక్ వ్యవస్థను మోసేవాడెవడినీ వదలకూడదు అని. పట్టుబడ్డ కమిసార్లను అక్కడికక్కడే చంపమన్న ఆజ్ఞ పైనుంచి జూన్ 6న వచ్చింది. ఈయన అంతకు నెల ముందే ఆ ధోరణిలో ఉన్నాడు. ఎవరూ నెట్టలేదు.

అదే హోప్నర్ 1942 జనవరిలో మాస్కో దగ్గర, వెనక్కి రావద్దన్న హిట్లర్ ఆజ్ఞను ధిక్కరించి తన దళాలను వెనక్కి లాగాడు. లేకపోతే చుట్టుముట్టేస్తారు. హిట్లర్ ఉద్యోగం ఊడగొట్టాడు, యూనిఫాం వేసుకునే హక్కు కూడా లాక్కున్నాడు. ఈయన పింఛను కోసం కోర్టుకెక్కాడు! ఆ తర్వాత 1944లో హిట్లర్ మీద జరిగిన కుట్రలో చేరాడు, ఆగస్టు 8న ఉరితీశారు.

చూశారా, ధిక్కరించడం చేతగాక కాదు. తన సైనికుల కోసం ధిక్కరించాడు, ఖైదీల కోసం ధిక్కరించలేదు. అది ఆజ్ఞకు లోబడడం కాదు, ఎంచుకోవడం. క్రిమియాలో స్పొనెక్ అనే ఇంకొకాయన కూడా 41 డిసెంబరులో ఆజ్ఞ లేకుండా వెనక్కి వచ్చాడు, మరణశిక్ష వేసి తగ్గించారు, ఆఖరికి 1944 జులైలో కాల్చేశారు. ఆయన పైఅధికారి మాన్‌స్టైన్. మీ వీడియోల వాళ్లు మహా మేధావి అనే మాన్‌స్టైన్. అంతకు నెల ముందు ఆయన సంతకంతో వెళ్లిన ఉత్తర్వు, యూదు బోల్షివిక్ వ్యవస్థను ఒక్కసారిగా శాశ్వతంగా నిర్మూలించాలి అని. 1949లో హాంబర్గ్‌లో బ్రిటిషు కోర్టు 18 ఏళ్ల శిక్ష వేసింది, 1953కే బయటికొచ్చాడు. తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఆ ఉత్తర్వు కోసం వెతికినా కనపడదు. యుద్ధం చదరంగంలా సాగుతుంది, అంతే.

ఇంకో ముక్క, ఇది వింటే మీకు నవ్వొస్తుందో కోపమొస్తుందో. హిట్లర్ తన ఫీల్డ్ మార్షల్స్‌కి జీతం కాక నెలనెలా 4,000 మార్కులు రహస్యంగా ముట్టజెప్పేవాడు, పన్ను లేకుండా. 1941లో ఫీల్డ్ మార్షల్ లీబ్ పుట్టినరోజుకి రెండున్నర లక్షల మార్కులు. ట్యాంకుల సేనాని గుడేరియన్‌కి పోలండ్‌లో లాక్కున్న భూముల్లో ఎస్టేటు. బాగా నచ్చింది వెతుక్కునేదాకా ఆగి మరీ తీసుకున్నాడు.

సెల్యూట్ 1971:
హోప్నర్ సంగతి నాకు తెలియదు. ఖైదీలను చంపమనే ఆజ్ఞ నాకు రాలేదు, 71లో మా దగ్గర లొంగిపోయినవాళ్లకు మాకంటే ముందు అన్నం పెట్టాం. వస్తే ఏం చేసేవాడినో ఇప్పుడు గొప్పగా చెప్పను. మీ మాట ఒప్పుకుంటున్నాను మాస్టారూ.

కొత్తపేట కుర్రాడు:
నేను ఇంతగా అనుకోలేదు. స్టాలిన్‌గ్రాడ్ ఒక్కటి మిగిలింది. అది మాత్రం హిట్లర్ మొండితనమే కదా?

పాత పటాలు:
మొండితనమే. 1942 నవంబరు 19న రష్యన్లు కొట్టింది జర్మనీకి తోడొచ్చిన రుమేనియన్ సైన్యాలు కాపలా ఉన్న పక్కల మీద. నాలుగు రోజుల్లో చుట్టేశారు. విమానాల్లో తిండి దించుతానని వైమానిక దళాధిపతి గోరింగ్ మాటిచ్చాడు, కుదరలేదు. జనవరి 30న అక్కడ చిక్కుకున్న సేనాని పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్ చేశాడు హిట్లర్. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవడూ ప్రాణాలతో పట్టుబడలేదు అనే సూచన అందులో ఉంది. మరునాడే పౌలస్ పట్టుబడ్డాడు. సుమారు 91,000 మంది ఖైదీల్లో ఇంటికి తిరిగొచ్చింది ఆరువేల లోపే.

కానీ పౌలస్ ఎవరు? 1940 డిసెంబరులో ఈ రష్యా దాడికి పటాల మీద రిహార్సలు నడిపించినవాడు. ఆ వేళే సరఫరా చాలదని తేలుతోంది. అయినా ముందుకే వెళ్లారు. తన లెక్క తప్పిన చోటే తను చిక్కుకున్నాడు. 1946లో న్యూరెంబర్గ్ యుద్ధనేరాల విచారణకు వచ్చి సోవియట్ల తరఫున సాక్ష్యం చెప్పాడు, డ్రెస్డెన్‌లో పోయాడు.

ఇప్పుడు రొకొసోవ్‌స్కీ దగ్గరికి వస్తా. 1944 మేలో బెలారస్ దాడి గురించి సమావేశం. ఒకే చోట గట్టిగా కొట్టాలని స్టాలిన్, రెండు చోట్ల కొట్టాలని ఈయన. పక్క గదిలోకి వెళ్లి ఆలోచించుకుని రా అన్నాడట స్టాలిన్. వచ్చి మళ్లీ రెండే అన్నాడు. మళ్లీ పంపాడు. మళ్లీ రెండే. ఆఖరికి స్టాలిన్ ఒప్పుకున్నాడు. ఇది రొకొసోవ్‌స్కీ తానే చెప్పుకున్న కథ, కాస్త ఉప్పూకారం ఉండే ఉంటుంది. కానీ ఏడేళ్ల కింద ఇదే రాజ్యం పళ్లు రాలగొట్టిన మనిషి మూడుసార్లు కాదనడం చూడండి. దాడి జూన్‌లో మొదలైంది, జర్మన్ మధ్య సేన మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడ హిట్లర్ చేసిందేమిటి? పట్టణాలకు కోటలని పేరు పెట్టి కదలొద్దన్నాడు. జులై 17న మాస్కో వీధుల్లో 57,000 మంది జర్మన్ ఖైదీలను నడిపించారు. వాళ్ల వెనకే వీధులు కడిగే నీళ్ల బండ్లు.

ఇది చదివి స్టాలిన్ మంచివాడైపోయాడనుకోకండి. 1946లోనే జుకోవ్‌ను ఒడెస్సాకి తోసేశాడు. అవసరం తీరింది.

నల్గొండ పోరడు:
అప్పు తీరంగనే దొర మల్ల దొరనే.

బెజవాడ బాబాయి:
జుకోవ్ గురించి కూడా ఒక మాట. స్టాలిన్‌గ్రాడ్ సమయంలోనే ర్జెవ్ దగ్గర ఆయన నడిపిన దాడి ఘోరంగా విఫలమైంది. మా లెక్కల పుస్తకం అట్ట మీద అది లేదు.

కొత్తపేట కుర్రాడు:
అందరికీ పెద్ద థ్యాంక్స్. మామయ్యకి ఫోన్ చేసి, తాతయ్య నీకు ఆ పేరు ఎప్పుడు పెట్టారు అని అడిగాను. 1955లోనట. మరుసటి ఏడాది సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్టాలిన్‌ను తిడుతూ ఆ రహస్య ప్రసంగం చేశాక మార్చేద్దామా అని అమ్మమ్మ అంటే, బడిలో కాదు కదా ఇంట్లోనే ఉన్నాడు, ఉండనీ అన్నారట తాతయ్య. మామయ్య మాత్రం రిటైరయ్యేదాకా సంతకంలో మొదటి రెండక్షరాలు కలిపేసి ఎవరికీ చదవడానికి రాకుండా పెట్టేవాడినని నవ్వాడు.

క్యాబ్‌లో మావాడికి హాల్డర్ డైరీ, 4,000 మార్కులు రెండూ చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, అయితే రొమ్మెల్?" అన్నాడు.

మచిలీపట్నం మాస్టారు:
ఆఫ్రికా ఎడారిలో పోరాడిన జర్మన్ సేనాని రొమ్మెల్‌కి కొత్త థ్రెడ్ తెరువు బాబూ. మొదటి పోస్టులోనే ట్రిపోలీ రేవు నుంచి ఎల్ అలమెయిన్ దాకా ఎంత దూరమో రాయి, రెండు వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పెట్రోలంతా ఆ దారినే రావాలి. ఎదురుగా నిలబడ్డవాళ్లలో మన నాలుగో భారత డివిజన్ ఉంది, అది సెల్యూట్ గారు రాస్తారు. నేను రేపు సాయంత్రం వస్తాను, కరెంటు ఉంటే.